చూసిన పేజీ వేరు, దాచుకున్న పీడీఎఫ్ వేరు: 2017లో తిరగబడిన అమరిక

ఇంటర్నెట్ అందని వేళ చదువుకుందామని వెబ్‌పేజీని పీడీఎఫ్‌గా దాచుకుంటే, తీరా తెరిచేసరికి బొమ్మలు కొన్ని మాయమై, పట్టికల రంగులు పోయి, ఒక్కోసారి అసలు వ్యాసమే కనిపించకుండా పోతోందన్న ఫిర్యాదు మళ్లీ రాజుకుంది. దాచిన ప్రతి తాము తెరమీద చూసినట్టే ఉండాలని పాఠకులు అంటుంటే, ముద్రణలో పేజీ ఎలా కనిపించాలో నిర్ణయించుకునే అధికారం దాన్ని తయారుచేసినవారికే ఉంటుందని సైట్ల నిర్వాహకులు వాదిస్తున్నారు. 1993లో అడోబీ పీడీఎఫ్‌ను తీసుకురావడం, 2008లో అది ఐఎస్ఓ ప్రమాణం కావడం అందరూ ఎరిగినవే కాబట్టి వాటిని ఇక్కడ తిరగదోడడం లేదు. ఇప్పటి తగువుకు అసలు బీజం 2017లో పడింది.

అంతకుముందు చాలా ఏళ్లపాటు సర్వర్లలో వెబ్‌పేజీలను పీడీఎఫ్‌లుగా మార్చే పనిని ఎక్కువగా మోసిన ఉచిత సాధనాల్లో డబ్ల్యూకే హెచ్‌టీఎంఎల్ టు పీడీఎఫ్ ఒకటి. 2008లో మొదలైన ఆ సాధనం క్యూటీ వెబ్‌కిట్ అనే ఇంజిన్ (పేజీ కోడ్‌ను చదివి దాని రూపాన్ని గీసే భాగం) మీద నడిచేది. అందులో ఒక అమరికను ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వాడేవారు ప్రత్యేకంగా కోరితే తప్ప అది ముద్రణ కోసం రాసిన స్టైల్‌షీట్‌ను, అంటే పేజీ రూపాన్ని నిర్దేశించే నియమాలను, తీసుకునేది కాదు. తెరకు ఉద్దేశించిన రూపాన్నే, వెనుక రంగులతో సహా, కాగితం కొలతలో అమర్చేది. పేజీల మధ్య గీతలు తెగడం, అక్షరాలు చిన్నవైపోవడం వంటి లోపాలు దానికి లేకపోలేదు. అయినా పాఠకుడు చూసినదానికీ దాచుకున్నదానికీ పోలిక మాత్రం ఉండేది.

ఆ ఇంజిన్ పాతబడిపోయింది. ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే సామగ్రి క్యూటీలో 2016లో వచ్చిన 5.6 విడుదల నుంచి దాన్ని తొలగించారు. పేజీ రూపాన్ని రాసే భాష సీఎస్ఎస్‌లో, పేజీని అడ్డు, నిలువు వరుసలుగా అమర్చే గ్రిడ్ పద్ధతిని 2017 మార్చిలో క్రోమ్ అందుబాటులోకి తెచ్చాక, గ్రిడ్ పద్ధతిలో కట్టిన పేజీలు పాత సాధనాల్లో చెల్లాచెదురుగా వచ్చేవి. అదే ఏడాది ఏప్రిల్‌లో, కిటికీ తెరవకుండానే నడిచే హెడ్‌లెస్ క్రోమ్ రాబోతోందని తెలియగానే, ఇదే తరహా పనికి వాడుకలో ఉన్న ఫాంటమ్‌జేఎస్ నిర్వాహకుడు ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. జూన్‌లో క్రోమ్ 59తో ఆ సదుపాయం వచ్చింది, ఆగస్టులో దాన్ని ప్రోగ్రామ్‌ల ద్వారా నడిపే పపెటీర్ వచ్చింది. కొత్త పేజీలను సరిగ్గా గీయగల ఇంజిన్ ఉచితంగా దొరకడంతో అందరూ అటు మళ్లారు, మళ్లడంలో తప్పూ లేదు.

అయితే ఇంజిన్‌తోపాటు అమరిక కూడా తిరగబడింది. పపెటీర్‌లో పీడీఎఫ్ తీసే ఆదేశం ఏమీ చెప్పకపోతే ముద్రణ రూపాన్నే ఎంచుకుంటుంది, వెనుక రంగులను వదిలేస్తుంది. బ్రౌజర్ దృష్టిలో పీడీఎఫ్ తీయడమంటే ప్రింట్ కొట్టడమే కాబట్టి ఇది సహజమే అనిపించవచ్చు. కానీ దాచుకోవాలనుకున్న మనిషి ప్రింటర్ జోలికే వెళ్లడం లేదన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఈ ముద్రణ రూపం అనేది 1998 మే నెలలో వెలువడిన సీఎస్ఎస్ 2 నాటిది. తెరకొక రూపం, కాగితానికొక రూపం విడివిడిగా రాసుకునే వీలును ఆ ప్రమాణం కల్పించింది. కాగితం మీద నొక్కలేని మెనూలకు సిరా ఖర్చుచేయడం ఎందుకన్న నిర్వాహకుల మాట సబబైనదే, శ్రద్ధగా రాసిన ముద్రణ రూపం చదవడానికి హాయిగా ఉంటుందనీ ఒప్పుకోవాలి. చిక్కల్లా శ్రద్ధ లేనిచోట, లేదా వేరే ఉద్దేశం ఉన్నచోట వస్తుంది. ముద్రణలో పేజీ మొత్తాన్ని దాచేయమని ఒక్క వరుస రాస్తే చాలు, పాఠకుడికి తెల్ల కాగితం మిగులుతుంది. స్థిరంగా అతికించిన పెట్టెలు ముద్రణలో ప్రతి పేజీలోనూ మళ్లీ రావాలని అదే ప్రమాణం చెప్పినందువల్ల, తెరమీద ఒక్కసారే కనిపించే పై పట్టీ పీడీఎఫ్‌లో ప్రతి పేజీ మొదటి వరుసలనూ కప్పేస్తుంది. ఏ4 కాగితం వెడల్పు బ్రౌజర్ లెక్కలో దాదాపు 794 పిక్సెళ్లే కావడంతో, విశాలమైన తెరమీద చదివిన పేజీ చిన్న పరికరాలకు ఉద్దేశించిన రూపంలోకి కుదించుకుపోతుంది. స్క్రోల్ చేస్తే తప్ప పేజీలోని స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) తీసుకురాని బొమ్మల స్థానంలో ఖాళీ గళ్లు మిగులుతాయి. వీటిలో దేన్నీ పాఠకుడు కోరలేదు, ఇలా జరుగుతుందని అతనికి ముందుగా ఎవరూ చెప్పనూ లేదు.

పాఠకుల మాట అసలు ఎవరూ వినలేదనడం సరికాదు. 2019లో ఐఫోన్‌లను నడిపే ఐఓఎస్ 13, వెబ్‌పేజీ మొత్తాన్ని ముక్కలు చేయకుండా ఒకే పొడవాటి పీడీఎఫ్‌గా దాచుకునే వీలును స్క్రీన్‌షాట్‌లో భాగంగా ఇచ్చింది. ఆ దారికీ ఒక అడ్డుగోడ ఉంది: మామూలు కొలమానంలో పీడీఎఫ్ పేజీ పొడవును 14,400 యూనిట్లకు, అంటే 200 అంగుళాలకు మించనివ్వకూడదన్నది అడోబీ సాఫ్ట్‌వేర్ అక్రోబాట్ నుంచి వచ్చిన పరిమితి.

పాత సాధనానికి తిరిగి వెళ్దామనే సలహా ఈ వాదనలో తరచు వినిపిస్తోంది కాబట్టి రెండు సంగతులు చెప్పాలి. డబ్ల్యూకే సాధనం మూలకోడ్‌ను 2023 జనవరిలో ఆర్కైవ్ చేశారు, అంటే ఇక మార్పులు చేర్చకుండా మూసి ఉంచారు, దాని చివరి స్థిర విడుదల 2020 నాటిది. పైగా, నమ్మకం లేని పేజీలను దానికి అందిస్తే సర్వర్ మొత్తం ఇతరుల చేతుల్లోకి పోవచ్చని తయారీదారులే హెచ్చరించారు. పాత అమరిక మంచిదే అయినా పాత ఇంజిన్‌ను మళ్లీ నెత్తికెత్తుకోవడం ప్రమాదకరం.

ఈ మధ్య జరిగిన మెరుగుదల నిర్వాహకుల వైపే మొగ్గింది. 2024లో వచ్చిన క్రోమ్ 131, పేజీ అంచుల్లో శీర్షికలు, పేజీ సంఖ్యలు పెట్టుకునే వీలును సీఎస్ఎస్‌లోనే కల్పించింది. పుస్తకాలు, నివేదికలు తీసేవారు ఏళ్లుగా అడుగుతున్నది అదే. తెర రూపాన్నే దాచు అనే మీట మాత్రం ప్రింట్ పెట్టెలో లేదు. ప్రోగ్రామర్లు పపెటీర్‌లో ఒక్క వరుసతో ఆ పని చేయించుకోగలరు. మిగతావారు డెవలపర్ పరికరాల్లోకి వెళ్లి, రెండరింగ్ విభాగం వెతికి, మాధ్యమాన్ని తెరగా మార్చి, ఆపైన ప్రింట్ నొక్కాలి.