మర్మాంగాల దగ్గర పొక్కులు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో చర్మవ్యాధుల ఓపీ చూస్తుంటాను. చేతి మీద పొక్కు లేస్తే మూడో రోజే వస్తారు. అదే కింద లేస్తే మూడు నెలలకు, అదీ "మా ఫ్రెండ్‌కండీ" అంటూ మొదలుపెడతారు. ఈలోగా ఫోనులో ఫొటోలు చూసి చూసి నిద్ర పాడుచేసుకుని ఉంటారు.

అపోహ: అక్కడ పొక్కు వచ్చిందంటే సుఖవ్యాధే.

కాదు. పెళ్లి కుదిరాక టెన్షన్‌తో వచ్చే కుర్రాళ్లలో చాలామందికి ఉండేవి పియర్లీ పాప్యూల్స్. అంగం ముందుభాగం అంచు చుట్టూ ముత్యాలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి, ఒక్కోటి ఒకటి రెండు మిల్లీమీటర్లు. వయసొచ్చాక బయటపడతాయి. అంటుకోవు, మందు అక్కర్లేదు. చర్మం సాగదీస్తే కనిపించే లేత పసుపు చుక్కలు నూనె గ్రంథులు; పెదవుల మీదా ఉంటాయి, అక్కడ ఎవరూ కంగారుపడరు! ఆడవాళ్లకూ యోని ద్వారం దగ్గర మెత్తని బుడిపెలు సహజంగా ఉండొచ్చు. వాటిని పులిపిర్లనుకుని కాల్పించుకోవడం అనవసరమైన బాధ.

ఇక వృషణాల సంచి మీద గట్టి బుడిపెలు, రాత్రిళ్లు విపరీతమైన దురద, వేళ్ల సందుల్లోనూ దురద ఉంటే అది గజ్జి కావొచ్చు. మందు ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి.

అపోహ: నొప్పి లేకపోతే భయం లేదు.

నేను భయపడేది ఈ మాటకే. హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే నీటిపొక్కులు మంట పుట్టిస్తాయి కాబట్టి మనిషి పరుగెత్తుకొస్తాడు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. కలయిక తర్వాత సుమారు మూడు వారాలకు వచ్చి, మందు లేకుండానే కొన్ని వారాల్లో మానిపోతుంది. పుండు పోతుంది, జబ్బు ఒంట్లోనే ఉంటుంది. మొదట్లో పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది.

అపోహ: రక్తపరీక్షలో అన్నీ తేలిపోతాయి.

సిఫిలిస్, హెచ్‌ఐవీలకు రక్తపరీక్ష ఉంది, మరీ తొందరగా చేస్తే నెగెటివ్ రావొచ్చు. పులిపిర్లకు, నడుమ గుంట పడే మొలస్కమ్ అనే వైరస్ పొక్కులకు రక్తపరీక్ష లేదు. కంటితో, డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) చూసి చెబుతాం. అనుమానం మిగిలితే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతాం. పులిపిర్లు ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్‌లోని 6, 11 రకాల వల్ల వస్తాయి. వైరస్ సోకిన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు కూడా బయటపడొచ్చు. అందుకే "ఎవరి నుంచి వచ్చింది" అనే భార్యాభర్తల గొడవను నేను తీర్చలేను.

అపోహ: ముందు మందుల షాపులో ట్యూబు వాడి చూద్దాం.

ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, అసలు జబ్బు రూపు మారి మాకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. సున్నం పెట్టుకుని కాల్చుకుని వచ్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధులకు ఒకటే విభాగం, కాబట్టి బయట కూర్చున్నవాళ్లకు మీరెందుకొచ్చారో తెలియదు. వచ్చేముందు అక్కడ షేవింగ్ చేయకండి, ఏమీ రాయకండి. వచ్చి పోయే పొక్కులైతే ఉన్నప్పుడే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.