అయస్కాంతం అంటుకోని కత్తి కొనకండి

"అయస్కాంతం అంటుకుంటే మంచి స్టీలు కాదంట కదా?" కత్తులమ్మే చోట ఈ మాట వినపడుతూనే ఉంటుంది. గిన్నెల కొట్లో ఈ పరీక్ష పనికొస్తుంది గానీ కత్తి దగ్గర తలకిందులవుతుంది. మేలురకం గ్లాసులు, పళ్ళేల స్టీల్లో నికెల్ కలుపుతారు. దానికి అయస్కాంతం అంటుకోదు, ఎంత కాల్చి ముంచినా అది గట్టిపడదు. కత్తికి వాడే స్టెయిన్‌లెస్‌లో క్రోమియం సుమారు 13 శాతం, నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతం అంటుకుంటుంది. తుప్పు పట్టే మామూలు ఉక్కు, అంటే కార్బన్ స్టీలుకీ అంటుకుంటుంది. అంటుకోలేదంటే అక్కడే పెట్టేసి రండి.

అంటుకుంది కదా అని మంచిదైపోదు. మేకుకీ అంటుకుంటుంది. అసలు సంగతంతా మంటలో జరిగిపోయి ఉంటుంది.

మన కమ్మరులు కత్తికి ఎక్కువగా తీసుకునేది పాత లారీ కమాను పట్టీ. అందులో కార్బన్ సుమారు 0.6 శాతం. 800 డిగ్రీలు దాటేసరికి ఇనుప పరమాణువుల వరసలు మారి, వాటి మధ్య సందులు పెద్దవై, కార్బన్ అందులో దూరుతుంది. ఇనుము పండగ ముందురోజు ఒంగోలు బస్టాండులో బస్సు, కార్బన్ అందులోకెక్కే జనం అనుకోండి. వేడి మీదున్నంతసేపూ బస్సు విశాలమే, అందరూ ఎక్కేశారు. మెల్లగా చల్లారిస్తే, బస్సు ఇరుకవుతున్నకొద్దీ జనం దిగిపోయి బయట గుంపులు కడతారు. లోహం మెత్తబడుతుంది. ఒక్కసారిగా నూనెలో ముంచారా, దిగే వ్యవధే లేదు. లోపల ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో, ఎవరూ అంగుళం జరగలేరు. లోహం వంగాలంటే పరమాణువుల వరసలు జరగాలి కాబట్టి, ఆ జరగలేకపోవడమే గట్టిదనం. కానీ అంత కిక్కిరిసిన బస్సు ఒక్క గతుకుకే అద్దాలు పగిలే స్థితిలో ఉంటుంది. అందుకే 200 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు మళ్ళీ కాచాలి. కొద్దిమంది దిగుతారు, మిగతావాళ్ళకి ఊపిరాడుతుంది. రుద్దిన లోహం మీద అప్పుడు ఎండుగడ్డి రంగు తేలుతుంది. నీలం తేలిందంటే వేడి 300 దాకా పోయింది, బస్సు సగం ఖాళీ.

చవక కత్తుల్లో ఎక్కువ చెడేది ఇక్కడే. సరిగ్గా కాచిన కత్తిని కూడా చివర్లో నీళ్ళు లేకుండా సానచక్రానికి పట్టి అంచు కాల్చేస్తారు. ఆ నీలాన్ని మెరుగు కప్పేస్తుంది. కొత్త కత్తి మొదట్లో పదును నిలవక, రెండు మూడుసార్లు నూరాక బాగుపడితే కారణం చాలాసార్లు కాలిన పొర అరిగిపోవడమే.

పరీక్షకి ఆకురాయి (ఇనుము అరగదీసే పనిముట్టు) చాలు. పిడి దగ్గర, అంచు పక్కన తేలిగ్గా తోయండి. కరకరా తినేస్తే కత్తిని గట్టిపరచనే లేదు. బొత్తిగా పట్టకుండా కిర్రుమని జారితే రెండోసారి కాచలేదు, అంచు పెచ్చులూడుతుంది. జారుతూనే కాస్త పట్టాలి. లోహం గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి కొలతలో అది 56, 58 దగ్గర. ఇంకా తేటగా చెప్పేది 6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ. దాని మీద అంచుని 15, 20 డిగ్రీలు వాల్చి, నొక్కి లాగితే అంచు సన్నగా వంగుతుంది. కడ్డీ దాటాక మళ్ళీ నిలబడితే మంచిది. వంగి ఉండిపోతే మెత్తన, విరిగితే పెళుసు. అంచు మందంగా వదిలేసిన కత్తి దగ్గర మాత్రం ఈ పరీక్ష ఏమీ చెప్పదు, అది కోయనూ కోయదు.

దసరాకి కత్తులకి పసుపు కుంకుమ పూసి, నిమ్మకాయ కోసి, తెల్లారేదాకా అలాగే వదిలేస్తారు. దిష్టి పోతుందో లేదో గానీ ఆ ఆమ్లానికి కార్బన్ స్టీలు గుంటలు పడుతుంది. అదే పొదలకూరు నిమ్మకాయతో పావుగంటే రాసి చూస్తే పనికొచ్చే సంగతి తెలుస్తుంది. కార్బన్ స్టీలైతే బూడిదరంగుకి తిరుగుతుంది. అంచొక్కటే గట్టిపరిచి ఉంటే రెండు ఛాయల మధ్య గీత తేలుతుంది. స్టెయిన్‌లెస్ అలాగే ఉంటుంది. చూశాక కడిగి నూనె రాయండి.

పిడి గురించి రెండే మాటలు. కత్తి రేకు పిడి లోపల చివరిదాకా పోయి ఉంటే మేలు. సన్నకడ్డీ వెల్డింగ్ చేసి, పొన్ను (పిడి మొదట్లో లోహపు కట్టు) తొడిగి కప్పేసినవి ఆ అతుకు దగ్గరే విరుగుతాయి.

ఒరని ఎవరూ చూడరు, కత్తిని చంపేది అదే. బళ్ళో తుప్పు పాఠానికి మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసి, గాలి తగలని మేకు తుప్పు పట్టలేదని చూపిస్తారు. స్టెయిన్‌లెస్‌కి ఆ పాఠం తిరగబడుతుంది. దాన్ని కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర చెదిరినప్పుడల్లా అతుక్కోవడానికి గాలిలోని ఆక్సిజన్ కావాలి. జువ్వలదిన్నె, కొత్తపట్నం రేవుల్లో ఉప్పునీళ్ళతోనే కత్తిని ఒరలో దోపితే, లోపల గాలి లేదు, ఉప్పులోని క్లోరైడ్ ఉంది. పొర చిల్లులు పడి సూదిమొనంత మచ్చలు మొదలవుతాయి. తంగేడు చెక్కతో శుద్ధి చేసిన తోలు ఒరైతే, తడిసినప్పుడు అందులోని టానిన్ అనే వగరు పదార్థం కార్బన్ స్టీలుని నల్లగా మరకలు చేస్తుంది. ఏ తోలైనా చెమ్మ పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంట్లో కత్తిని ఒరలో దాచకూడదు.

తోలు ఒర కొనేటప్పుడు కుట్టుకీ కత్తి అంచుకీ మధ్య అదనంగా ఒక తోలు పట్టీ ఉందా చూడండి. లేకపోతే కత్తి దోపినప్పుడల్లా దారం తెగుతూ, ఒకరోజు అంచు తొడ దగ్గర బయటికొస్తుంది. తలకిందులు చేసి ఊపినా జారకూడదు. ప్లాస్టిక్ ఒరలో ఇసుక చేరితే రేకు నిండా గీతలే. నీళ్ళు పోయి కడగడానికి వీలుగా అడుగున చిల్లు ఉండాలి, లేకపోతే 3 మిల్లీమీటర్ల మేకు కాల్చి మీరే పొడవండి. ముందు కత్తి బయటికి తీయండి.