పటం ముందు, పొలం తరువాత

చిరంజీవులైన మనవళ్లకూ మనవరాళ్లకూ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీలో చిన్నవాడు ఒక మాట అడిగాడు. "అమ్మమ్మా, నువ్వూ తాతయ్యా కారులో అంత దూరం వెళ్లారు కదా, ఫొటోల్లో గడ్డి తప్ప ఏమీ లేదేమిటి?" అని. పక్కనుంచి మీ అమ్మ నవ్వడం నాకు వినిపించింది. ఫోనులో చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అక్కడ చూడవలసింది గడ్డిని కాదు, గడ్డి మీద గీసిన గీతలను.

అమెరికాలో పిన్నివాళ్లుండే మినియాపొలిస్ నుంచి బయలుదేరి, 35వ నంబరు హైవే మీద దక్షిణానికి వెళ్లి, అక్కడ 90వ నంబరు హైవే పట్టుకుని పడమరకు తిరిగాం. తాతయ్య డ్రైవింగు, నేను పటం. సౌత్ డకోటా రాష్ట్రాన్ని అడ్డంగా దాటాలంటే ఆ దారిలో నాలుగు వందల మైళ్ల పైమాటే. అమెరికా పెద్ద రహదారుల నంబర్లలో ఒక కిటుకుంది: సరిసంఖ్య అయితే తూర్పు పడమరలుగా, బేసి సంఖ్య అయితే ఉత్తర దక్షిణాలుగా పోతుంది. హైవే దిగే దారులకు కూడా నంబర్లుంటాయి. అవి రాష్ట్రపు పడమటి సరిహద్దు నుంచి ఎన్నో మైలో చెబుతాయి. మిచెల్ ఊరికి 332 దగ్గర దిగాలి, వాల్ ఊరికి 110 దగ్గర. మధ్యలో ఎంత దూరమో తీసివేత వచ్చిన ఎవరైనా చెప్పగలరు.

సౌత్ డకోటాలో గంటకు 80 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 130 కిలోమీటర్లతో పోవచ్చు. తాతయ్య ముల్లును 80 మీద నిలిపారు. నేను చేతి గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒక కంకర రోడ్డు ఎడమనుంచి వచ్చి మా దారిని అడ్డంగా దాటి కుడివైపు పొలాల్లోకి పోయింది. 45 సెకన్లకు ఇంకొకటి. మరో 45 సెకన్లకు మరొకటి. అది హైవే కంచె దగ్గరే ఆగిపోయి, అవతలి పక్క మళ్లీ మొదలైంది. అన్నీ నిటారుగా ఉత్తరం నుంచి దక్షిణానికే. 80 మైళ్ల వేగంలో 45 సెకన్లంటే ఎంత దూరమో లెక్క వేయండి. సరిగ్గా ఒక మైలు వస్తుంది.

నేను సర్వే ఆఫీసులో పటాలు గీసిన మనిషిని కదా, ఇక నాకు నిద్ర పట్టలేదు. తాతయ్య మాత్రం "దారి చెప్పు చాలు, రోడ్లు లెక్కపెట్టకు" అన్నారు.

సంగతి ఇది. 1785లో, అమెరికా ఇంకా కొత్త దేశంగా ఉన్నప్పుడు, అప్పులు తీర్చడానికి అక్కడి ప్రభుత్వం భూమి అమ్మాలనుకుంది. అమ్మాలంటే కొలవాలి. అందుకని ఒక చట్టం చేశారు. నేలను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉండే చదరాలుగా విడగొట్టారు. ఒక్కొక్కటి ఒక టౌన్‌షిప్. దానిలో 36 చిన్న చదరాలు, ఒక్కొక్కటి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దాన్ని సెక్షన్ అంటారు. అప్పటికి డకోటా నేల ఆ దేశం చేతిలో లేనే లేదు. 1803లో ఫ్రాన్సు దగ్గర కొన్న తరువాత ఇదే గళ్ల పద్ధతిని క్రమంగా పడమరకు పొడిగించుకుంటూ పోయారు. కొండ వచ్చినా వాగు వచ్చినా గీత వంగదు.

కొలిచిన గొలుసు ఏదో తెలుసా? ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు 1620లో రూపొందించిన 66 అడుగుల గొలుసు. దానిలో వంద లింకులు. 80 గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన కోస్తా జిల్లాల్లో సర్వేయర్లు లాగిన గొలుసు కూడా అదే. మా ఆఫీసు ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటాల మీద అంకెలు లింకుల్లోనే ఉండేవి. తెలంగాణలో 33 అడుగుల గొలుసు వాడేవారు. అటూ ఇటూ 33 అడుగులుంటే ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. మన కోస్తాలో గొలుసు అదే అయినా పని మాత్రం తలకిందులు. మన దగ్గర పొలం ముందే ఉంది. ఎవరి తాతలో చెరువు కిందో వాగు పక్కనో గట్లు వేసుకుని సాగుచేస్తుంటే, ఆ వంకర టింకర గట్లను సర్వేయరు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించాడు. అక్కడ పటం ముందు గీశారు, రైతు తరువాత వచ్చాడు. ఒకే గొలుసుతో ఇంత తేడా పని జరిగిందని ఆఫీసులో ఉన్నన్నాళ్లూ నాకు తట్టనేలేదు.

ఆ కంకర రోడ్లన్నీ సెక్షన్ల హద్దుల మీద వేసినవే. సౌత్ డకోటాలో సెక్షన్ గీత ప్రతిదీ ప్రజల దారేనని చట్టం. దాని వెడల్పు కూడా 66 అడుగులు, అంటే ఒక గొలుసు! మిచెల్ దగ్గర హైవే దిగి కొంచెం లోపలికి వెళ్తే మొక్కజొన్న చేల మధ్య, కనుచూపు మేరలో ఇల్లు లేని చోట, రెండు వందల యాభై ఎన్నో వీధి అని ఆకుపచ్చ బోర్డు కనిపించింది. వీధి ఉంది, నంబరుంది, మనిషి లేడు. తాతయ్య చాలాసేపు నవ్వారు.

ఇంకో విషయం చెబితే మీలో లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు సంతోషిస్తారు. నేల బల్లపరుపుగా కనబడినా భూమి గుండ్రం కదా. ఉత్తరానికి పోయే గీతలన్నీ ధ్రువం దగ్గర కలుసుకోవాలి కాబట్టి, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. డకోటా అక్షాంశంలో ఒక టౌన్‌షిప్ దాటేసరికి ఆరు మైళ్ల వెడల్పులో దాదాపు 46 అడుగులు తరిగిపోతుంది. అలా వదిలేస్తే పైనున్న రైతులకు ఎకరాలు తగ్గుతాయి. అందుకని కొన్ని టౌన్‌షిప్‌లకొకసారి గీతను ఆపి, మళ్లీ ఆరు మైళ్లు కొత్తగా కొలిచి మొదలుపెట్టారు. అలాంటి చోట నిటారుగా పోతున్న రోడ్డు హఠాత్తుగా ఒక పక్కకు తిరిగి, కొంచెం దూరం పోయి, మళ్లీ ఉత్తరానికి తిరుగుతుంది. చుట్టూ చెట్టు లేదు, గుట్ట లేదు, వాగు లేదు. రోడ్డు మాత్రం మెలిక తిరిగింది. భూమి గుండ్రమని పుస్తకంలో చదవడం వేరు, దాని మూలంగా స్టీరింగు తిప్పవలసి రావడం వేరు.

చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16వ సెక్షన్ బడి కోసం. దాని మీద వచ్చే డబ్బుతో పిల్లలను చదివించాలి. డకోటాలో 36వది కూడా కలిపారు. ఊరు పుట్టకముందే బడికి మాన్యం!

1862లో అధ్యక్షుడు లింకన్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టారు. ఇల్లు వేసుకుని, సాగుచేసి, అయిదేళ్లు అక్కడే ఉంటే 160 ఎకరాలు, అంటే సెక్షన్‌లో పావు వంతు, కొద్దిపాటి రుసుముతో ఇచ్చేస్తారు. పెళ్లికాని ఆడవాళ్లు, భర్త పోయినవాళ్లు కూడా సొంత పేరు మీద తీసుకోవచ్చు. కలప దొరకని చోట జనం గడ్డి వేళ్లతో సహా మట్టిని పెళ్లలుగా కోసి, వాటినే ఇటుకలుగా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు.

మిచెల్‌లో మొక్కజొన్న మహలు ఉంది. 1892 నుంచీ ఉన్న వేడుక, ఇప్పటి భవనం 1921 నాటిది. రంగురంగుల కంకులను గోడలకు కొట్టి బొమ్మలు చేస్తారు, ఏటా మారుస్తారు. బాగుంది. పావురాలకూ పిచ్చుకలకూ ఇంకా బాగుంటుంది.

అసలు మార్పు ఛాంబర్లేన్ అనే ఊరి దగ్గర మిస్సోరి నది దాటాక మొదలవుతుంది. నదికి తూర్పున చదునైన చేలు. ఒకప్పుడు మంచు పలకలు ఇక్కడిదాకా వచ్చి నేలను నునుపు చేశాయి. ఆ మంచు అంచు వెంటే నది దారి చేసుకుంది. పడమటి ఒడ్డున నేల మడతలు పడి, నాగలి తగ్గి, గడ్డి, పశువులు. ఇంకాస్త పోతే కెనెబెక్, ప్రెషో అనే రెండు చిన్న ఊళ్ల మధ్య 100వ రేఖాంశం వస్తుంది. తూర్పున ఏడాదికి 20 అంగుళాలకు పైగా వాన, పడమర అంతకన్నా తక్కువ అని ఇంచుమించుగా అక్కడ గీత గీస్తారు. పసిఫిక్ వైపు నుంచి వచ్చే తేమను రాకీ పర్వతాలు ముందే పిండేసుకుంటాయి. మన అనంతపురానికి పడమటి కనుమలు చేసే పనే ఇది. అక్కడి వాన కూడా ఇంచుమించు ఇంతే.

మరి వాన తగ్గిన చోట 160 ఎకరాలు ఏం సరిపోతాయి? ఆ మాట 1878లోనే జాన్ వెస్లీ పావెల్ అనే ఆయన ప్రభుత్వానికి నివేదికగా రాసిచ్చారు. అంతర్యుద్ధంలో చెయ్యి పోగొట్టుకుని, ఒంటిచేత్తో కొలరాడో నదిలో పడవ ప్రయాణం చేసిన మనిషి. పశువులు మేపేవాళ్లకు 2,560 ఎకరాలివ్వండి, హద్దులు గళ్ల ప్రకారం కాకుండా నీళ్లను బట్టి పెట్టండి అన్నారు. ఎవరూ వినలేదు. ఎండి, అప్పులపాలై, ఎన్నో కుటుంబాలు వెనక్కి పోయాక 1909లో 320 ఎకరాలకు, 1916లో 640కి పెంచారు. సర్వే ఆఫీసులో పనిచేసిన దాన్ని, నా ఓటు పావెల్‌కే.

అక్కడి నుంచి బాడ్‌లాండ్స్ జాతీయ ఉద్యానవనం. గళ్లు పూర్తిగా ఓడిపోయిన చోటు. గడ్డి నేల ఒక్కసారిగా విరిగి, కింద గోడలు, శిఖరాలు, సన్నని లోయలు. వాటిలో ఎరుపు, బూడిద, పసుపు చారలు. అడుగున ఉన్న నల్లని మట్టి ఒకప్పటి సముద్రపు అడుగు. పైన నదులు తెచ్చిన ఒండ్రు, అగ్నిపర్వతాల బూడిద. నేను వంగి చేత్తో తాకాను. పైపొర బూందీ పరిచినట్టు గుల్లగా, పొడిగా ఉంది. వాన పడితే అదే జారుడు బంకమట్టి అవుతుంది. ఏడాదికి సుమారు ఒక అంగుళం చొప్పున ఈ గుట్టలు కరిగిపోతున్నాయట. అలా కరిగినప్పుడే శిలాజాలు బయటపడతాయి. 2010లో ఏడేళ్ల అమ్మాయి ఒకతె సందర్శకుల కేంద్రం దగ్గరలోనే కోరపళ్ల పిల్లిలాంటి జంతువు పుర్రెను గుర్తుపట్టింది. తవ్వకుండా, ముట్టుకోకుండా అక్కడివాళ్లకు చెప్పింది. మీకూ ఎప్పుడైనా దొరికితే అలాగే చేయాలి.

అడవిదున్నలాంటి బైసన్‌లు కూడా కనిపించాయి, వంద గజాల అవతలినుంచి. అంతకన్నా దగ్గరకు పోకూడదని నియమం. కోట్లలో తిరిగిన జంతువును 1880ల చివరికి కొన్ని వందలకు తెచ్చారు. ఈ ఉద్యానవనంలోకి 1963లో మళ్లీ తెచ్చి వదిలారు.

వాల్ ఊళ్లో 1931లో ఒక జంట కొన్న మందుల దుకాణం ఉంది. బేరాలు లేక 1936లో దారి పొడుగునా "చల్లని నీళ్లు ఉచితం" అని బోర్డులు పెట్టారట, అంతే, జనం విరగబడ్డారు. ఇప్పటికీ మైళ్ల ముందునుంచే ఆ బోర్డులు. కాఫీ అయిదు సెంట్లు. తాతయ్య తాగి, ధర న్యాయంగానే ఉందన్నారు.

చివరగా బ్లాక్ హిల్స్. రష్‌మోర్ కొండ మీద వాషింగ్టన్, జెఫర్సన్, థియొడోర్ రూజ్‌వెల్ట్, లింకన్ ముఖాలు, ఒక్కొక్కటి 60 అడుగులు. 1927 నుంచి 1941 దాకా దాదాపు నాలుగు వందల మంది, ఎక్కువ భాగం డైనమైటుతో చెక్కారు. పనితనం గొప్పదే. కానీ ఆ కొండ ఎవరిదో కూడా మీకు తెలియాలి. 1868లో అమెరికా ప్రభుత్వం ఒప్పందం రాసి, మిస్సోరికి పడమర ఇప్పటి సౌత్ డకోటా అంతా, ఈ కొండలతో సహా, అక్కడి ఆదివాసులైన లకోటాలూ వాళ్ల బంధు తెగలూ కలిసిన సూ ప్రజలదని సంతకం పెట్టింది. 1874లో బంగారం బయటపడింది. 1877లో కొండలు లాగేసుకున్నారు. మన దగ్గర హద్దు రాయి పీకితే కేసు పెడతారు. ఇక్కడ రాయి పాతినవాళ్లే పీకారు. 1980లో అక్కడి సుప్రీంకోర్టు అది అన్యాయమని తేల్చి, వడ్డీతో సహా పది కోట్ల డాలర్లకు పైగా ఇమ్మంది. వాళ్లు తీసుకోలేదు. మాకు కావలసింది డబ్బు కాదు, కొండలు అన్నారు. ఆ సొమ్ము ఖజానాలోనే పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది. దగ్గరలోనే ఇంకో కొండ మీద లకోటా వీరుడు క్రేజీ హార్స్ విగ్రహాన్ని 1948 నుంచి చెక్కుతున్నారు. ముఖం 1998కి పూర్తయింది, మిగతాది ఇంకా సాగుతోంది.

తాతయ్య మీకు వేరే రాస్తానన్నారు, నమ్మకం పెట్టుకోకండి. సంక్రాంతికి మేము వచ్చేసరికి ఊళ్లో ట్రంకు పెట్టెలోంచి మన పొలం పటం తీయించి ఉంచండి. ఒక్క గట్టు కూడా నిటారుగా ఉండదు. కాబట్టి ముందు త్రిభుజాలుగా విడగొట్టాలి. అంకెలన్నీ లింకుల్లో ఉంటాయి. ఎన్ని సెంట్లో లెక్క కట్టి, మీ నాన్నను అడగకుండా, నాకు చెప్పాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ