మందు కొట్టే విమానం మోటారు బందైతే

రాజురా దగ్గర మా మామ పత్తి చేను గట్టు మీద నిలబడి, డ్రోన్ మందు కొడుతుంటే చూస్తున్నాం. 1956కు ముందు ఈ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. ఇప్పుడు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా అయినా గట్ల మీద మాట ఇంకా తెలుగే. అమెరికాలో మనిషి కూర్చుని నడిపే విమానాలతో మందు కొడతారని చెప్పాను.

"గంత కిందికెల్లి పోతుంటె మోటరు బందైతె? రాయి పడ్డట్టు పడదా?"

"పడదు మామా. అట్లా పడేది మన నెత్తి మీద తిరుగుతున్న ఇదే."

నాలుగు ఫ్యాన్ల డ్రోన్‌కు ఒక మోటారు ఆగితే మామూలుగా తిరగబడి కూలుతుంది. విమానాన్ని మోసేది ఇంజను కాదు, రెక్కల మీద పారే గాలి. వేగం ఉన్నంతసేపు అది జారుతూ వస్తుంది. మందు కొట్టే పైలట్‌కు ఎత్తు ఎటూ లేదు, పైరుకు మూడు మీటర్ల పైనే పోతుంటాడు. అతని దగ్గరున్నది వేగం ఒక్కటే. గంటకు 216 కిలోమీటర్ల మీద ఇంజను ఆగిందనుకోండి. ముక్కు పైకెత్తి 144కు తగ్గేలోపు, కాగితం లెక్కన 100 మీటర్లు ఎక్కొచ్చు. గాలి నిరోధం కొంత తినేస్తుంది. మిగిలిన ఎత్తులోనే ఎదురుగా ఉన్న చేను ఎంచుకోవాలి, వెనక్కి తిరిగే ఆలోచన పెట్టుకోకూడదు.

అసలు గండం సాలు చివర. అక్కడ పైకి లేచి, ఒరిగి, మలుపు తిరుగుతాడు. వేగం అప్పటికే ఖర్చయింది. ఇంజను ఆగితే వెంటనే ముక్కు దించాలి, కానీ నేల దగ్గరపడుతుంటే చెయ్యి విమానాన్ని నడిపే కర్రను వెనక్కే లాగుతుంది. లాగితే రెక్కలు గాలిని పట్టుకోలేవు. దాన్నే స్టాల్ అంటారు.

ఇంకో పని, ట్యాంకు తలుపు తెరిచి మందంతా కొన్ని సెకన్లలో పారబోయడం. ఎయిర్ ట్రాక్టర్ 502బీ అనే మందు కొట్టే విమానం నిండు బరువు సుమారు 4,260 కిలోలు, అందులో మందునీళ్లే 1,900 లీటర్ల దాకా. అది పోతే స్టాల్ వేగం, అంటే దానికంటే తగ్గితే స్టాల్ అయ్యే వేగం, దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, ఎందుకంటే ఆ వేగం బరువు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. నెమ్మదిగా దిగితే దెబ్బా తక్కువే. ఆ మందు ఎవరి చేలో పడిందన్నది తర్వాతి పంచాయితీ!

ఇంజన్లు ఆగడానికి ఇంధనంలో నీళ్లు చాలు. పాత పిస్టన్ ఇంజన్లకు ఇంకో విచిత్రమైన శత్రువు మంచు. పెట్రోలును గాలితో కలిపే భాగం కార్బురేటర్. పెట్రోలు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే 25 డిగ్రీల ఎండలోనూ లోపల మంచు కట్టి గొంతు పూడుకుపోతుంది. రాజురా శ్రావణమాసం అందుకు సరిపోయే వాతావరణమే.

మామ చేను వైపు చూశాడు. "మా చేన్ల దిగాల్నంటె?"

"సాళ్ల వెంటే దిగాలి. అడ్డంగా వస్తే చక్రాలు సాళ్లకు తగిలి బోర్లాపడుతుంది. ఏపుగా ఎదిగిన పత్తి అయితే చెట్ల కొసలనే నేల అనుకుని నెమ్మదిగా దించాలి."

"అవుగని," మామ చెయ్యెత్తి బోరు మోటారు కరెంటు తీగ చూపించాడు. సాళ్లకు అడ్డంగా, చేను నడిమధ్యలోంచి పోతోంది అది.