ఒకే ఇల్లు, వేరు కుంపట్లు: హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ మీద అపోహలు - వాస్తవాలు

అమెరికా టాక్స్ రిటర్న్‌లో ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ అనేది పన్ను తక్కువ పడే ఒక హోదా. అక్కడ రిటర్న్ వేసే మనవాళ్లు చాలామంది ఆ మాట అనగానే రేషన్ కార్డు మీది ‘కుటుంబ పెద్ద’ను ఊహించుకుంటారు. లీజు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు, జీతం ఎవరికి ఎక్కువైతే వాళ్లు అనుకుని ఆ గడిలో టిక్ పెట్టేస్తారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఈ పెద్దరికంతో పని లేదు. డిసెంబర్ 31 నాటికి చట్టం లెక్కలో మీరు పెళ్లికాని వాళ్లేనా, ఏడాదిలో సగానికి మించి మీతో కలిసున్న అర్హులైన పిల్లలో బంధువులో ఉన్నారా, ఇంటి ఖర్చులో సగానికి మించి మీ డబ్బేనా అని చూస్తుంది.

తేడా చిన్నది కాదు. 2025 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను వేయకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం, ‘సింగిల్’ హోదాకు 15,750 డాలర్లు, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కు 23,625. పది శాతం శ్లాబు సింగిల్‌కు 11,925 దగ్గర ఆగితే ఇక్కడ 17,000 దాకా వెళ్తుంది. అందుకే డబ్బు తీసుకుని రిటర్న్ వేసేవాళ్లు మిమ్మల్ని ఇన్ని ప్రశ్నలు అడుగుతారు. ఆ అర్హతను విచారించామని వాళ్లు ఫారం 8867 నింపాలి.

అపోహ: ఇల్లు ఒకటే కాబట్టి హెడ్ కూడా ఒక్కరే.

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. చట్టం చూసేది హౌస్‌హోల్డ్‌ను, అంటే సంసారాన్ని. గోడల్ని, పైకప్పును కాదు. ఒకే కప్పు కింద రెండు సంసారాలు ఉండొచ్చని టాక్స్ కోర్టు కూడా ఒప్పుకుంది. అవి నిజంగా వేరు సంసారాలా అన్నదే అసలు విచారణ.

విడాకులు తీసుకున్న ఒక అక్క, ఆమె ఎనిమిదేళ్ల కూతురు, పెళ్లికాని తమ్ముడు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారనుకోండి. ఏడాది అద్దె 28,800 డాలర్లు, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 3,000, ఇంట్లో తినే సరుకులు 10,800, రెంటర్స్ ఇన్సూరెన్స్ 240. మొత్తం 42,840. అన్నీ చెరిసగం పంచుకున్నారు, ఒక్కొక్కరికీ 21,420. వంట ఒక్కటే, సరుకులు ఒక్కటే కాబట్టి ఇది ఒకే సంసారం. చట్టం అడిగేది సగం కాదు, సగానికి ‘మించి’. కాబట్టి అక్కకు ఆ హోదా రాదు. తమ్ముడు మేనకోడలిని చూపించుకున్నా అతనికీ అదే లెక్క అడ్డం వస్తుంది. అదే అక్క అద్దెలో నెలకు 1,400, సరుకుల్లో 7,200, బిల్లుల్లో 1,200 పెడితే ఆమె వాటా 25,200 అవుతుంది. అప్పుడు ఆమెకు వస్తుంది. ఒక సంసారంలో సగానికి మించి పెట్టేవాళ్లు ఇద్దరుండటం అసాధ్యం, అందుకే అక్కడ హెడ్ ఒక్కరే.

ఇప్పుడు ఇదే ఇంట్లో ఇద్దరు ఒంటరి తల్లులు, చెరొక బిడ్డతో ఉన్నారనుకోండి. గదులు వేరు, ఎవరి వంట వాళ్లది, ఎవరి సరుకులు వాళ్లవి, ఎవరి వాటా అద్దె వాళ్లు నేరుగా కడతారు. అంటే ఎవరి కుంపటి వాళ్లదే. ఎవరి సంసారం ఖర్చు వాళ్లే భరిస్తున్నారు కాబట్టి ఇద్దరూ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కావచ్చు. కానీ నెలనెలా సరుకుల బిల్లు స్ప్లిట్‌వైజ్ లాంటి ఖర్చులు పంచుకునే యాప్‌లో పంచుకుంటూ, ఏప్రిల్‌లో రిటర్న్ వేసేటప్పుడు ‘మావి వేరు సంసారాలు’ అంటే నిలబడదు. ఆ యాప్ చరిత్రే మీకు ఎదురుసాక్ష్యం.

ఖర్చు లెక్కలోకి వచ్చేవి: అద్దె లేదా ఇంటి అప్పు మీద వడ్డీ, ఆస్తి పన్ను, ఇంటి ఇన్సూరెన్స్, మరమ్మతులు, కరెంటు లాంటి బిల్లులు, ఇంట్లో తినే తిండి. రానివి: అప్పు అసలు, బట్టలు, చదువు ఫీజులు, వైద్యం, కారు ఖర్చు, విహారయాత్రలు, లైఫ్ ఇన్సూరెన్స్, మీరు ఇంట్లో చేసే చాకిరీకి కట్టే విలువ. అసలును కలిపేసుకుని ‘సగం దాటింది’ అనుకోవడం సొంతిల్లున్నవాళ్లు తరచూ చేసే పొరపాటు.

అపోహ: నా మీద ఆధారపడ్డ ఎవరినైనా చూపించవచ్చు.

మన వరుసలు, అమెరికా చట్టం వరుసలు కలవవు. పెదనాన్న కొడుకు మనకు అన్నయ్యే, వాళ్ల లెక్కలో కజిన్. కజిన్‌తో ఈ హోదా రాదు. అక్క భర్త బావ అయితే పనికొస్తాడు, మేనమామ కొడుకు బావ అయితే పనికిరాడు. మేనమామ పనికొస్తాడు, ఆయన భార్య పనికిరారు. ఉద్యోగం పోయిన రూమ్మేట్‌ను ఏడాదంతా మీరే పోషించి రిటర్న్‌లో డిపెండెంట్‌గా (మీ మీద ఆధారపడ్డ వ్యక్తిగా) చూపించినా, అతన్ని బట్టి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కాలేరు. వరుస కుదిరిన బంధువు కూడా ఏడాదిలో సగానికి మించి మీతో ఉండాలి, మీ డిపెండెంట్ అయ్యుండాలి.

తల్లిదండ్రులకు మాత్రం ఒక సడలింపు ఉంది. వాళ్లు వేరే ఇంట్లో ఉన్నా, ఆ ఇంటి ఖర్చులో సగానికి మించి మీరు పెడితే చాలు. అయితే వాళ్లు మీ డిపెండెంట్లు కావాలి. పౌరులు కాని తల్లిదండ్రులు గుంటూరులో ఉంటే కాలేరు, నెలనెలా ఎంత పంపినా సరే. విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నవాళ్లయితే అమెరికాలో ఉన్న రోజులను లెక్కించే 183 రోజుల సూత్రం ప్రకారం ఆ ఏడాదికి టాక్స్ రెసిడెంట్లు (పన్ను లెక్కలో అమెరికా నివాసులు) కావాలి, ఐటిన్ అనే పన్ను గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, 2025లో వాళ్ల ఆదాయం 5,200 డాలర్ల లోపుండాలి. ఊళ్లో ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ కూడా అందులో కలుస్తాయి.

అపోహ: భార్య ఇండియాలో ఉంటే నేను హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డే.

సగం నిజం. భార్య నాన్‌రెసిడెంట్ (పన్ను లెక్కలో అమెరికా నివాసి కాని వ్యక్తి) అయితే, ఆమెను రెసిడెంట్‌గా చూపించే ఐచ్ఛికం మీరు వాడకపోతే, ఈ ఒక్క హోదా వరకు మిమ్మల్ని పెళ్లికాని వ్యక్తిగా లెక్కిస్తారు. కానీ అర్హులైన మరొకరు మీతో ఉండాలి, భార్య ఆ వ్యక్తి కాలేరు. బిడ్డ కూడా తల్లితో విజయవాడలోనే ఉంటే దారి మూసుకుపోయినట్టే. చదువు, జబ్బు, సెలవుల లాంటి తాత్కాలిక ఎడబాటును ఒప్పుకుంటారు గానీ, పసిబిడ్డను ఏడాదిపాటు అమ్మమ్మ దగ్గర పెంచడాన్ని ఆ కోవలోకి తేవడం చాలా కష్టం. ఇక మీరే ఏడాదిలో ఒక్కరోజైనా నాన్‌రెసిడెంట్ అయితే ఈ హోదా అసలుండదు.

భార్యాభర్తలిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ విడివిడిగా హెడ్ అని వేయడం కుదరదు. విడాకులు కాకపోయినా వేరుగా ఉంటున్నవాళ్లకు అవకాశముంది. జీవిత భాగస్వామి జూలై 1 నుంచి డిసెంబర్ 31 వరకు ఆ ఇంట్లో ఉండకూడదు. వేరే గదిలో పడుకోవడం చాలదు. దానితోపాటు మీ బిడ్డ సగానికి మించి మీ దగ్గరే ఉండాలి, ఖర్చు మీదే ఎక్కువ కావాలి, రిటర్న్ విడిగా వేయాలి.

విడాకుల తర్వాత ఫారం 8332 మీద సంతకం చేస్తే బిడ్డను డిపెండెంట్‌గా చూపించుకునే హక్కు, దానితో వచ్చే చైల్డ్ టాక్స్ క్రెడిట్ లాంటి పన్ను తగ్గింపులు అవతలివారికి వెళ్తాయి, ఈ హోదా వెళ్లదు. బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ రాత్రులు పడుకుంటే హోదా వాళ్లకే.

నోటీసు వస్తే ఏమేం చూపాలో ఫారం 886-హెచ్-హెచ్‌ఓహెచ్‌లో ఉంటుంది. విడాకుల ఉత్తర్వు, బిడ్డ పేరూ మీ చిరునామా ఉన్న స్కూలు ఉత్తరం, అద్దె రసీదులు, సరుకుల బిల్లులు జనవరి నుంచే ఒక ఫోల్డర్‌లో వేస్తూ రండి. అద్దె వాటా నగదుగా ఇస్తే ఆనవాలు మిగలదు, బ్యాంకు ద్వారా పంపండి. ఇప్పటికే తప్పుగా వేసి ఉంటే నోటీసు కోసం ఎదురుచూడకుండా ఫారం 1040-ఎక్స్‌తో సరిదిద్దుకోండి. తేడా పన్ను మీద వడ్డీ రోజురోజుకీ పెరుగుతూనే ఉంటుంది.