సంతకం పెట్టే చేతికే మనసు విప్పాలా?

వార్డులో చేసిన పొరపాటును విద్యార్థి నర్సు దాచకుండా రాస్తే, ఆ రాతను ఎవరు చదవాలి? పక్కన నిలబడి నేర్పే నర్సా, పాసో ఫెయిలో తేల్చే నర్సా, కాలేజీయా? బ్రిటన్ నర్సింగ్ చదువులో కొన్నేళ్లకోసారి లేచి, సద్దుమణిగి, మళ్ళీ లేచే తగాదా ఇది. విద్యార్థులు నిజం రాయడం మానేశారని ఒక పక్షం అంటుంది. రోగి ప్రాణం ముందు ఎవరి డైరీ అయినా తెరవాల్సిందేనని రెండో పక్షం అంటుంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ దగ్గర మొదలుపెట్టనక్కరలేదు, ఆ కథ అందరికీ తెలుసు. 1989 నుంచి అమలైన నర్సింగ్ శిక్షణ సంస్కరణ ‘ప్రాజెక్ట్ 2000’ విద్యార్థులను వార్డు సిబ్బంది లెక్కలోంచి తప్పించిందని గుర్తుంచుకుంటే చాలు. అంతకుముందు విద్యార్థి అంటే చవకగా దొరికే రెండు చేతులు. ఆ తర్వాత నేర్చుకోవడానికి వచ్చిన మనిషి. నేర్చుకునేవారు ఉంటే నేర్పేవారూ ఉండాలి కదా, ఆ బాధ్యత వార్డులోని మెంటర్ మీద పడింది. నేర్పడం, కనిపెట్టి ఉండడం, ధైర్యం చెప్పడం, చివర్లో సంతకం పెట్టడం, అన్నీ ఒక్కరే.

అసలు మలుపు 2003లో వచ్చింది. గ్లాస్గో కాలిడోనియన్ యూనివర్సిటీకి చెందిన కాత్లీన్ డఫీ, బ్రిటన్‌లో నర్సుల నియంత్రణ సంస్థ అయిన నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ కోరిక మీద ఒక అధ్యయనం చేశారు. సామర్థ్యం మీద అనుమానం ఉన్న విద్యార్థులు కూడా ఎలా గట్టెక్కుతున్నారని మెంటర్లనూ లెక్చరర్లనూ అడిగారు. వచ్చిన జవాబులు కౌన్సిల్‌ను ఇబ్బంది పెట్టేవే. లోపం కనిపించినా మొదట్లో చెప్పలేదు, చెప్పేసరికి ఆలస్యమైంది. ఆ అమ్మాయి ఇంటి కష్టాలు తెలిశాక మనసొప్పలేదు. ఇంకా నేర్చుకుంటుందిలే, ఒక అవకాశం ఇద్దామనుకున్నాం. ఇలా కొందరు మెంటర్లు ఫెయిల్ చేయాల్సిన విద్యార్థులను కూడా ఫెయిల్ చేయలేకపోయారని తేలింది.

మెంటర్లు మెత్తబడ్డారు, కాబట్టి బిగించాలి అన్నది కౌన్సిల్ చేసుకున్న అర్థం. 2006లో ప్రమాణాలు వచ్చాయి, 2008లో వాటిని సవరించారు. ప్లేస్‌మెంట్ (వార్డులో పని నేర్చుకునే కాలం) సమయంలో కనీసం 40 శాతం విద్యార్థి మెంటర్ అజమాయిషీలో ఉండాలన్నారు. చివరి ప్లేస్‌మెంట్‌కు ‘సైన్ ఆఫ్ మెంటర్’ (చివరి సంతకం పెట్టే మెంటర్) అనే కొత్త హోదా పెట్టి, వారికి విద్యార్థితో గడపడానికి వారానికి అదనంగా ఒక గంట కేటాయించమన్నారు. (నలుగురు ఉండాల్సిన వార్డులో ముగ్గురే ఉన్న రోజున ఆ గంట ఎక్కడికి పోతుందో నర్సులను అడగాలి.)

ఆ జవాబులను మెంటర్ల వైపు నుంచి చదివితే మరో సంగతి కనిపిస్తుంది. వారాల తరబడి పక్కన నిలబెట్టుకుని, చేతులు వణికితే పట్టుకుని, మొదటి మరణం చూసి ఏడిస్తే ఓదార్చిన మనిషే చివరిరోజు కలం తీసి తీర్పు రాయాలి. ఇందులో ఏదో ఒకటి కుంటుపడుతుంది. డఫీ ముందు కూర్చున్నవారి విషయంలో తీర్పు కుంటుపడింది. వార్డుల్లో మరికొందరు మెంటర్లు ఓదార్పునే వదిలేశారు, వారి గురించి ఎవరూ నివేదిక అడగలేదు.

ఇక రాత సంగతి, అంటే చేసిన పనిని తిరిగి చూసుకుంటూ రాసే ఆత్మపరిశీలన. డొనాల్డ్ షాన్ 1983లో వృత్తినిపుణులు చేస్తూనే ఎలా ఆలోచిస్తారో వివరించినప్పుడు ఆయన ముందున్న ఉదాహరణలు వాస్తుశిల్పులవి, మానసిక చికిత్సకులవి, ఇంజినీర్లవి. గ్రాహం గిబ్స్ 1988లో గీసిన ఆరు మెట్ల చక్రం కూడా నర్సుల కోసం పుట్టింది కాదు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగోలేదు, ఎందుకలా అయింది, ఇంకేం చేయగలిగేవారు, ఈసారి ఏం చేస్తారు. నర్సింగ్ చదువు ఈ చక్రాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, అది చివరికి నింపాల్సిన ఫారంగా మారింది. ‘ఏమనిపించింది’ అన్న గడిలో ‘ఆందోళనగా అనిపించింది’ అని రాయని విద్యార్థి దొరకడం కష్టం.

క్లినికల్ సూపర్‌విజన్, అంటే నర్సు తన పని గురించి అనుభవమున్న మరొకరితో కూర్చుని మాట్లాడుకోవడం, కూడా బయటిదే. బ్రిజిడ్ ప్రాక్టర్ 1986లో కౌన్సెలింగ్ రంగం నుంచి దానికి మూడు పనులు అప్పగించారు: నేర్పడం, ప్రమాణం నిలబెట్టడం, అలసిన మనసును తేర్చడం. నర్సులు దాన్ని స్వీకరించినప్పుడు, ఇది పై అధికారి పెత్తనం కాదు, పనితీరు మదింపూ కాదు అని అప్పటి నియంత్రణ సంస్థ యూకేసీసీ 1996లోనే చెప్పింది. అర్హత పొందిన నర్సుకు తోడూ తీర్పూ వేరువేరని అప్పుడే ఒప్పుకున్నారన్నమాట. విద్యార్థికి అదే మాట చెప్పడానికి మరో 22 ఏళ్లు పట్టింది.

2018 మేలో వచ్చిన కొత్త ప్రమాణాలు మెంటర్ పదవిని రద్దు చేశాయి. వార్డులో నేర్పడానికి ప్రాక్టీస్ సూపర్‌వైజర్, తేల్చడానికి ప్రాక్టీస్ అసెసర్, కాలేజీ వైపు అకడమిక్ అసెసర్. ఒకే విద్యార్థికి ఒకే వ్యక్తి ఒకే సమయంలో సూపర్‌వైజరూ అసెసరూ కాకూడదు. డఫీ ఎత్తిచూపిన ముడి విప్పారనుకున్నారు. మనుషులను విడదీశారు సరే, విద్యార్థి శిక్షణ రాతలన్నీ ఉండే పోర్ట్‌ఫోలియో మాత్రం ఒక్కటే ఉంది. విద్యార్థి అందులో రాసేది సూపర్‌వైజరూ చూస్తారు, అసెసరూ చూస్తారు.

దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ అల్లి చూపిస్తాను. మూడో వారంలో ఉన్న విద్యార్థిని రాత్రి తన నోటుపుస్తకంలో ఇలా రాసుకుంటుంది: ‘సెలైన్ పంపు మోగింది. శబ్దం ఆపేశాను, వెంటనే వద్దామనుకున్నాను. ఇంకో మంచం దగ్గరికి పిలిచారు. మర్చిపోయాను. వెళ్లి చూస్తే ఆయన ముంజేయి ఉబ్బిపోయి ఉంది. నొప్పిగా ఉందా అని అడగడానికి నోరు రాలేదు.’ మర్నాడు అదే సంగతి పోర్ట్‌ఫోలియోలో: ‘పని ఒత్తిడిలో ప్రాధాన్యాలు నిర్ణయించుకోవడం ఎంత ముఖ్యమో ఈ అనుభవం ద్వారా గ్రహించాను.’ రెండోదానికి మంచి మార్కులే వస్తాయి. నోరు రాలేదన్న వాక్యాన్ని పట్టుకుని సూపర్‌వైజర్ ఆమెతో పదినిమిషాలు మాట్లాడి ఉండవచ్చు, ఆ వాక్యం సూపర్‌వైజర్‌ దాకా చేరనే లేదు.

రాసిన నిజం తమ మీదికే వస్తుందన్న భయానికి అదే 2018లో డాక్టర్ హదీజా బావా-గార్బా కేసు రూపమిచ్చింది. 2011లో లెస్టర్ ఆసుపత్రిలో ఆరేళ్ల బాలుడు చనిపోయిన కేసులో 2015లో ఆమెకు శిక్ష పడింది. 2018 జనవరిలో డాక్టర్ల రిజిస్టర్ నుంచి పేరు కొట్టేశారు, ఆగస్టులో అప్పీలు కోర్టు తిరిగి చేర్చమంది. ఆమె శిక్షణలో రాసుకున్న ఆత్మపరిశీలననే ఆమె మీదికి ప్రయోగించారన్న మాట దేశమంతా పాకింది. ఆమె ఎలక్ట్రానిక్ పోర్ట్‌ఫోలియో జూరీ ముందుకు రాలేదని తర్వాత స్పష్టం చేశారు. కానీ పుకారు పోయినంత దూరం వివరణ పోలేదు. ఆ ఏడాది జూన్‌లో విలియమ్స్ సమీక్ష, విచారణల కోసం నియంత్రణ సంస్థలు ఇలాంటి రాతలను అడిగి తీసుకోకూడదని సిఫారసు చేసింది. అసెసర్ చదవకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

అసెసర్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. విద్యార్థితో రోజూ ఉండనివారు దేన్ని చూసి తేల్చాలి? తన తప్పు తనకు కనబడుతోందా అన్నదే భద్రతకు మొదటి గుర్తు కాబట్టి రాత చూడాల్సిందేనంటారు. పైగా 2016 నుంచి రిజిస్టర్‌లో ఉన్న నర్సులే మూడేళ్లకోసారి ఐదు ఆత్మపరిశీలనలు రాసి, మరో నర్సుతో చర్చించి చూపాలి. అలవాటు చదువులోనే పడాలన్నది వారి మాట.

ఈలోగా వార్డులు తమ దారి తాము వెతుక్కున్నాయి. విద్యార్థీ సూపర్‌వైజరూ ముందు మాట్లాడుకుంటారు, తర్వాత ఏం రాయాలో అనుకుంటారు. అర్హతకు కావాల్సిన 2300 గంటల ప్రాక్టీస్‌లో 600 దాకా సిమ్యులేషన్‌లో, అంటే బొమ్మ రోగుల వంటి కృత్రిమ సాధనలో, గడపడానికి కౌన్సిల్ 2023లో అనుమతించింది. అక్కడ బొమ్మ చెయ్యి ఉబ్బినా ఎవరికీ నొప్పి ఉండదు, తర్వాతి చర్చకు చాలాచోట్ల మార్కులూ ఉండవు, విద్యార్థులు బాగానే నోరు విప్పుతారు. మిగిలిన 1700 గంటలూ మనుషుల మంచాల పక్కనే.