పల్లీల సెగ, ధనియాల సెగ

వేయించడంలో మా అమ్మకి రెండు సూత్రాలు ఉండేవి. పల్లీలైతే సన్నసెగ మీద, ఓపిగ్గా, లోపలి దాకా వేగాలి. మంట పెంచితే పైన మచ్చలు పడతాయి, కొరికితే లోపల పచ్చి. ధనియాల లెక్క వేరు. కమ్మటి వాసన వచ్చీరాగానే దింపెయ్యాలి, ఇంకో అరనిమిషం ఉంచితే పొడిలో ఆ వాసన మిగలదు. ఈ రెండు సూత్రాలూ ఒకే గింజకి ఒకేసారి పనిచెయ్యాల్సి వస్తే ఏం చెయ్యాలో అమ్మ చెప్పలేదు. ఆ అవసరం తనకి రాలేదు. నాకు మాత్రం గరాజ్‌లో కూర్చుని ఇథియోపియాలోని యిర్గచెఫెలో పండిన కాఫీ గింజలు దోరగా వేయించడం మొదలుపెట్టాక వచ్చింది.

మేముండే ఉత్తర వర్జీనియాలో తెలుగువాళ్లలాగే ఇథియోపియన్లూ ఎక్కువే. వాళ్ల కిరాణా కొట్లలో ఇంజెరా (మన అట్టులాంటి వాళ్ల పుల్లరొట్టె) కట్టల పక్కనే పచ్చి కాఫీ గింజల సంచులు ఉంటాయి. మనం బియ్యం కొన్నట్టు కొని, ఇంట్లోనే వేయించుకుంటారు. నేను తెచ్చిన సంచి విప్పి చేటలో పోస్తే బూడిదరంగు కలిసిన లేతాకుపచ్చ గింజలు. కాఫీ వాసన ఛాయకైనా లేదు, ఎండుగడ్డి వాసన. పైగా అన్నీ ఒక సైజు కావు. కొన్ని గుండ్రంగా మిరియం కంటే కాస్త పెద్దవి, కొన్ని సన్నగా పొడుగ్గా.

ఇది కల్తీ కాదు. అరబికా కాఫీకి పుట్టిల్లు నైరుతి ఇథియోపియా కొండ అడవులు. లక్షల ఏళ్ల కిందట రోబస్టా జాతి, యూజినియాయిడిస్ అనే ఇంకో జాతి కలిసి పుట్టిన సంకరం అది. అక్కణ్ణించి యెమెన్‌కి, యెమెన్ నుంచి లోకానికి వెళ్లినవి కొద్ది మొక్కలే. సూఫీ సాధువు బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చాడన్న మన చిక్‌మగళూరు కథ కూడా ఆ ఇరుకుదారి కథే. పుట్టింట్లో మాత్రం వైవిధ్యమంతా మిగిలిపోయింది. యిర్గచెఫె ఉన్న గెదెయో ప్రాంతపు రైతుల్లో ఎక్కువమందివి చిన్న కమతాలు. ఇంటి చుట్టూ, అరటిలా కనిపించే ఎన్సెట్ చెట్ల మధ్య కాసిన్ని కాఫీ చెట్లుంటాయి. పండ్లు కోసి, గుజ్జు తీసి గింజలు కడిగే దగ్గర్లోని వాషింగ్ స్టేషన్‌లో పోస్తారు. అలా ఎన్నో పెరళ్ల పంట ఒక సంచిలో కలుస్తుంది. తాగేవాళ్లకి అది అదృష్టం. వేయించేవాళ్లకి తలనొప్పి, ఎందుకంటే చిన్న గింజ ముందు పరిగెడుతుంది, పెద్దది వెనకబడుతుంది.

ఇంకో చిక్కు ఎత్తు. అక్కడ కాఫీ పండేది సముద్రమట్టానికి 1,700 నుంచి 2,200 మీటర్ల ఎత్తున, అంటే మన అరకులోయకి ఇంచుమించు రెట్టింపు. ఆ చల్లదనంలో పండు నెమ్మదిగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది. గట్టి గింజ లోపలికి వేడి వెళ్లడం కష్టం.

అంత కష్టపడి దోరగానే ఎందుకు ఆపాలంటే, ధనియాల కోసమే. మాట వరసకి అనడం లేదు. నీళ్లలో కడిగి శుభ్రం చేసిన యిర్గచెఫె కాఫీలో మల్లెపూల వాసన, నిమ్మతొక్క వాసన వస్తాయని చెప్పుకుంటారు. ఆ పూల వాసనకి కారణమైన పదార్థాల్లో లినలూల్ ఒకటి. ధనియాల నూనెలో సగానికి పైగా ఉండేదీ, మల్లెల్లో ఉండేదీ అదే లినలూల్. పచ్చి గింజలోనే కాస్త ఉంటుంది. వేయించడం వల్ల అది పెరగదు, ఎగిరిపోతుంది, లేదా విరిగిపోతుంది. మనం చెయ్యగలిగిందల్లా పోనివ్వకుండా ఉండటం. మామూలుగా కాఫీ వాసన అని మనం అనుకునేది దీనికి వ్యతిరేకం, అది వేడితోనే పుడుతుంది. అందులో ముఖ్యమైన ఫర్‌ఫ్యూరిల్ థయోల్ అనే గంధక పదార్థాన్ని 1926లో రైఖ్‌స్టైన్, స్టౌడింగర్ అనే రసాయన శాస్త్రవేత్తలు గుర్తించారు. (ఇద్దరికీ తర్వాత నోబెల్ వచ్చింది, కాఫీకి కాదు, వేరే పనులకి.) వేపు ముదిరేకొద్దీ ఇలాంటి మాడువాసనల వర్గం బలపడి పూలవాసనని కప్పేస్తుంది.

ఇక వేడి లెక్క. పచ్చి గింజలో 10 నుంచి 12 శాతం నీరుంటుంది. 100 గ్రాముల గింజల్లో 11 గ్రాముల నీరనుకుంటే, దాన్ని ఆవిరి చెయ్యడానికే దాదాపు 25 కిలోజౌళ్లు కావాలి. ఆ గింజల్ని గది వేడి నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌కి తీసుకెళ్లడానికి పట్టే శక్తి కూడా దాని దరిదాపుల్లోనే ఉంటుంది. మనం గింజకిచ్చే వేడిలో సగానికి కాస్త తక్కువ నీటి ఖాతాకే పోతుందన్నమాట. అందుకే మొదటి నాలుగైదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. 150 డిగ్రీల దగ్గర గింజ పసుపురంగుకి తిరుగుతుంది, అటుకులు వేయించిన వాసన వస్తుంది. దోసె అంచుని ఎర్రబరిచే మయార్ చర్యలు ఇక్కడ ఊపందుకుంటాయి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వందల కొత్త పదార్థాలు తయారవుతాయి.

తర్వాత 200 డిగ్రీలకి అటూ ఇటూగా చప్పుడు. కాఫీ గింజలో కణాల గోడలు బాగా మందంగా ఉంటాయి. లోపల పుట్టిన ఆవిరి, కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోలేక ప్రెషర్ కుక్కర్‌ని మించిన ఒత్తిడి పెంచుతాయి. చివరికి గోడలు చిట్లుతాయి, పేలాలు పేలినట్టు టప్ టప్‌మని. దీన్నే ఫస్ట్ క్రాక్ అంటారు. గింజ ఉబ్బి తేలికవుతుంది. ఇంకో పాతిక డిగ్రీలు పోతే సన్నటి చిటపటలతో సెకండ్ క్రాక్ వస్తుంది. ముదురు వేపు కాఫీల రాజ్యం అటువైపు. దోరవేపు మాత్రం మొదటి చప్పుడు మొదలైన క్షణానికీ, ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలకీ మధ్య ఉండే చిన్న కిటికీ.

ఆ కిటికీ నాకు మొదటి ప్రయత్నంలో కనపడనే లేదు. అమ్మ పల్లీల సూత్రం నమ్ముకుని, ఇనప మూకుడులో, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు గరిటె తిప్పాను. రంగు ముచ్చటగా వచ్చింది. చప్పుడు మాత్రం ఒకటీ అరా. కప్పులో రుచి రస్కు ముంచి తీసిన నీళ్లలా ఉంది. చేదు లేదు, పులుపు లేదు, వాసన లేదు. సెగ మరీ తగ్గితే ఆవిరి పుట్టింది పుట్టినట్టు మెల్లగా జారిపోతుంది, ఒత్తిడి కూడదు, గింజ సరిగ్గా ఉబ్బదు. అంతసేపట్లో ఎగిరిపోయే వాసనలు ఎటూ ఎగిరిపోతాయి. వేయించేవాళ్లు దీన్ని ‘బేక్’ అయిన కాఫీ అంటారు. పల్లీని కాపాడిన ఓపిక కాఫీని చంపేసింది.

రెండోసారి ధనియాల సూత్రం. పాప్‌కార్న్ మిషన్‌లో 80 గ్రాములు పోశాను. అందులో వేడిగాలే గింజల్ని ఎగరేస్తూ వేయిస్తుంది కాబట్టి గరిటెతో పనిలేదు. మూడు నిమిషాల నలభై సెకన్లకే చప్పుడు, ఇంకో అరనిమిషానికి దించేశాను. పొట్టు గరాజ్ అంతా ఎగిరింది, అది వేరే కథ. గింజలు చూడ్డానికి అచ్చం దాల్చినచెక్క రంగు. మర్నాడు చేతి గ్రైండర్‌లో వేస్తే మణికట్టు నొప్పెట్టింది, అప్పుడే అనుమానం రావాల్సింది. కప్పులో నిమ్మకాయ ఉంది, మల్లె జాడ లీలగా ఉంది, వాటి మీద పచ్చిబఠాణీ రుచి కూర్చుంది. ఒక గింజని కత్తితో చీల్చి చూస్తే పైన గోధుమరంగు, నడిమధ్యన పాలిపోయిన పసుపు. పైరంగు అబద్ధం చెప్పింది. పెద్ద ఎత్తున వేయించేవాళ్లు గింజ రంగునీ పొడి రంగునీ విడివిడిగా కొలిచేది అందుకే. రెండింటికీ తేడా ఎక్కువుంటే లోపల వేగలేదన్నట్టే.

ఆ తర్వాత చిన్న కరెంటు డ్రమ్ రోస్టర్ కొన్నాను. అందులో గింజల మధ్యకి చొచ్చుకునే థర్మామీటర్ ఉంది. దాని అంకెల్ని మరీ నమ్మకూడదు. అది గింజ వేడినీ చుట్టూ ఉన్న గాలి వేడినీ కలిపి చెబుతుంది. నా మిషన్‌లో 197 దగ్గర పేలేది ఇంకొకరి మిషన్‌లో 204 దగ్గర పేలొచ్చు. ఉపయోగపడేది అంకె కాదు, నిమిషానికి ఎన్ని డిగ్రీలు పెరుగుతోందన్న వేగం. ఆ వేగం మొదట్లో దండిగా ఉండి క్రమంగా తగ్గుతూ రావాలి. గింజ గట్టిగా, నీటితో ఉన్నప్పుడే వేడి బాగా దట్టించాలి. అప్పుడది మాడదు, నీరే కాపాడుతుంది. చప్పుడు దగ్గరపడేసరికి సెగ తగ్గించాలి, కానీ ఆర్పేసినంతగా కాదు. పేలేటప్పుడు ఒక్కసారిగా బయటపడే ఆవిరి గింజని కాస్త చల్లబరుస్తుంది. అక్కడ కంగారుపడి సెగ పెంచితే, మరుక్షణం గింజ తనలోని చర్యలతో తానే వేడెక్కుతూ చెయ్యి దాటిపోతుంది. నావి రెండు బ్యాచ్‌లు అలాగే పోయాయి.

అలా ముందు దండిగా, వెనక సన్నగా పెట్టి, ఒకే సంచిలోంచి నూరేసి గ్రాములతో రెండు బ్యాచ్‌లు వేయించాను. రెండింటికీ చప్పుడు ఎనిమిది నిమిషాలు దాటాకే మొదలైంది. ఒకటి చప్పుడు మొదలైన 70 సెకన్లకి దింపాను, ఇంకోటి రెండున్నర నిమిషాలకి. తూకం వేస్తే మొదటిది 87.6 గ్రాములు, రెండోది 85.3. ఇంట్లో చెయ్యగలిగిన కొలతల్లో నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఈ తూకమే. దోరవేపులో పోయే బరువులో ఎక్కువ భాగం నీరే. అసలు గింజ పదార్థంలోంచి పోయింది మూడు గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. ఇన్ని రుచుల గొడవంతా ఆ మూడు గ్రాముల చుట్టూనే.

కప్పుల అడుగున స్టిక్కర్లు అంటించి, మా ఆయన చేత తారుమారు చేయించి తాగాను. 70 సెకన్లదాన్ని మొదటి గుక్కలోనే పట్టుకున్నాను. నిమ్మ, మల్లె, వెనకాల తేనె. పచ్చివాసన లేదు. రెండున్నర నిమిషాలది చెడ్డదేం కాదు, పాకం వాసన, నోటినిండా నిండుదనం ఉన్నాయి. మల్లె మాత్రం వెళ్లిపోయింది. మా ఆయనకి రెండోదే నచ్చింది, ఎందుకంటే అందులో పాలు పోసుకోవచ్చు. మొదటిదాంట్లో పోస్తే విరగబోతున్న పాల రుచి వస్తుంది.

ఆ తేనె తీపి గురించి ఒక మాట. పచ్చి అరబికా గింజలో 6 నుంచి 9 శాతం దాకా చక్కెర ఉంటుంది. తీపి తగలడం అది మిగలబట్టేనని నేనూ అనుకున్నాను. నిజానికి దోరవేపులోనే అందులో చాలా భాగం కరిగిపోయి రంగుగా, వాసనగా, ఆమ్లాలుగా మారిపోతుంది. మిగిలినదాన్ని కప్పులో నాలుక పట్టుకోవడం కష్టం. మనకి తీపిగా తోచేది చాలావరకు ముక్కు చేసే పని. పండు వాసన, పాకం వాసన తగిలితే మెదడు తీపిని ఊహించుకుంటుంది. పులుపు మాత్రం ఊహ కాదు. సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు గింజలోనివే, వేపు ముదిరేకొద్దీ తగ్గుతాయి. క్లోరోజెనిక్ ఆమ్లాలు విరిగి మొదట ఓ మోస్తరు చేదునీ, ముదురు వేపులో గొంతు పట్టే చేదునీ ఇస్తాయి. కెఫీన్ దాదాపు కదలదు, కాబట్టి ముదురు కాఫీ తాగితే ఎక్కువ ‘కిక్కు’ అన్నది వట్టి మాట.

దోరగా వేయించాక కూడా తొందర పనికిరాదు. గింజలో చిక్కుకున్న కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోవాలి. దోరగింజలో రంధ్రాలు తక్కువ కాబట్టి దానికి ఎక్కువ రోజులు పడుతుంది. నా యిర్గచెఫె పదో రోజుకి విచ్చుకుంది, మూడో రోజున గరుకుగా ఉంది. పొడి సన్నగా ఆడించి, మరిగీ మరగని నీళ్లు పొయ్యాలి. ఇత్తడి ఫిల్టర్‌లో మామూలుగా వేస్తే డికాక్షన్ పలచగా, పుల్లగా దిగుతుంది. ముదురు వేపు కోసం కుదిరిన పాత్ర అది, దాని తప్పేం లేదు.

యిర్గచెఫె పక్కనుండే గుజి ప్రాంతంలో పండి, పండుతో సహా ఎండబెట్టిన గింజలు వేయిస్తే ఈ లెక్కలన్నీ మళ్లీ కదిలాయి. వాటికి పొట్టు ఎక్కువ, పైన తొందరగా మాడతాయి, మొదటి సెగ తగ్గించాల్సి వచ్చింది. వేగాక కూడా ఎర్రబడకుండా పాలిపోయి మిగిలిన గింజలు కొన్ని ఉంటాయి, పండకముందే కోసిన కాయలవి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరెయ్యాలి. నాలుగైదు ఉన్నా కప్పంతా ఎండిన పల్లీతొక్క రుచి.

మా కాంప్లెక్స్‌లో ఉండే ఇథియోపియన్ ఆవిడకి నా 70 సెకన్ల కాఫీ గర్వంగా ఇచ్చాను. ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, “బాగుంది కానీ, ఇది ఇంకా వేగలేదమ్మా” అంది. వాళ్ల ఇళ్లలో ఇంత దోరగా వేయించరు. నా దగ్గర మిగిలిన పచ్చి గింజలు అడిగి తీసుకుని, కడిగి, పెనం మీద పోసి, ఊపుతూ ఊపుతూ నల్లగా మెరిసేదాకా వేయించింది. పొగలు కక్కుతున్న పెనాన్ని మా అందరి ముక్కుల దగ్గరికీ తెచ్చి చూపించింది, అది మర్యాద. రోట్లో దంచి, జెబెనా అనే మట్టికూజాలో కాచి, అబోల్, తోనా, బరకా అని మూడు వాయిలు పోసింది. మల్లె వాసన లేదు. మూడో వాయి దాకా ఎవరూ లేవలేదు. వెళ్తూ వెళ్తూ నా గుజి సంచిలో ఎంత మిగిలిందని అడిగింది.